ముఖానికి ఆజ్ఞ ఎవరిది?

పండుగనాడు ఈద్గాహ్‌లో ఏదో ఒక వరుసను గమనించండి. తెల్లని గడ్డంతో తాత కూర్చొని ఉంటాడు. ఆయన పక్కన కొడుకు. యాభై దాటినవాడు, ఉదయమే కొత్త బ్లేడుతో నున్నగా గీసుకొని వచ్చినవాడు. ఆ పక్కన మనవడు. పాతికేళ్ళవాడు, ట్రిమ్మరుతో అంచులు దిద్దిన నల్లని గడ్డం అతనిది. ముగ్గురూ ఒకే ఖిబ్లా వైపు తిరిగి, ఒకే ఇమామ్ వెనుక తక్బీర్ చెబుతారు. రక్తం ఒకటే, ఇల్లు ఒకటే, కలిమా ఒకటే. ముఖాలు మాత్రం మూడు రకాలు.

పాఠక సోదర సోదరీమణులారా! ఈ తేడాను మనం రోజూ చూస్తున్నాం గనుక దీన్ని గురించి ఆలోచించడం మానేశాం. లేదా ఆలోచించినప్పుడల్లా పోట్లాటకు దిగుతున్నాం. కొన్ని ఇళ్ళలో గడ్డం పెంచిన కొడుకు, గడ్డం లేని తండ్రిని చిన్నచూపు చూస్తున్నాడు. మరికొన్ని ఇళ్ళలో గడ్డం పెంచుకుంటానన్న కొడుకును తండ్రే ఎగతాళి చేస్తున్నాడు. ఈ రెండు ఇళ్ళలోనూ ధర్మానికి నష్టమే జరుగుతోంది. అందుకే ఈ విషయాన్ని కాస్త నెమ్మదిగా, మొదటినుంచీ పరిశీలిద్దాం.

తాతల కాలం

మన తాతల కాలంలో గడ్డం పెద్ద చర్చనీయాంశం కాదు. వారానికి ఒకసారి, సాధారణంగా జుమా రోజుకు ముందు, హజ్జాం గానీ ఊరి క్షురకుడు గానీ తోలు పట్టీ మీద కత్తి నూరి, తల వెంట్రుకలు సరిచేసి, మీసాలు పెదవి దిగకుండా కత్తిరించేవాడు. తెగినచోట పటిక రాసేవాడు. గడ్డాన్ని మాత్రం ముట్టుకోవడం తక్కువ. ఎందుకని అడిగితే చాలామంది పెద్దలు హదీసు చెప్పి ఉండకపోవచ్చు. మా నాయన పెంచాడు, మేమూ పెంచాం అనే చెప్పి ఉంటారు. అయితే అది వట్టి అలవాటు మాత్రమే కాదు. ఆ అలవాటు వేరు ఎక్కడుందో అవసరం వచ్చినప్పుడు తెలిసింది.

1806వ సంవత్సరంలో వేలూరు కోటలో జరిగిన సంఘటన చరిత్రలో ఉంది. ఆనాటి మద్రాసు సైన్యానికి ఆంగ్లేయ అధికారులు కొత్త నియమాలు పెట్టారు. హిందూ సిపాయిలు నుదుట మత చిహ్నాలు, చెవులకు పోగులు ధరించరాదన్నారు. కవాతుకు వచ్చే ప్రతి సిపాయీ గడ్డం గీసుకొని రావాలన్నారు. తోలు బిళ్ళ అమర్చిన కొత్త తలపాగా పెట్టుకోవాలన్నారు. కాదన్నవారికి కొరడా దెబ్బలు పడ్డాయి. చివరికి 1806 జూలై 10న వేలూరులో సిపాయిలు తిరగబడ్డారు. ఎందరో ప్రాణాలు పోయాయి. ఆ తిరుగుబాటుకు ఇతర కారణాలూ ఉన్నాయి గానీ, ముఖం మీద, తల మీద పరాయివాడి పెత్తనం సాగడాన్ని ఆ సిపాయిలు సహించలేకపోయారన్నది స్పష్టం. ఆ తరువాత కంపెనీవారు ఆ నియమాలను వెనక్కు తీసుకున్నారు. సైన్యాధిపతినీ గవర్నరునూ వెనక్కు పిలిపించారు. కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పటికే ఆ మద్రాసు ప్రభుత్వం కిందనే ఉన్నాయి. కనుక ఇది మన పూర్వీకులకు దూరపు కథ కాదు.

గమనించండి! కొరడాతో అడిగితే గడ్డం దక్కలేదు. మరి వందేళ్ళ తరువాత కొరడా లేకుండానే అది ఎలా పోయింది?

తండ్రుల కాలం

1903లో అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే వ్యాపారి ఒక కొత్త రకం రేజరును అమ్మకానికి పెట్టాడు. పలుచని బ్లేడు, మొద్దుబారితే పారేసి మరొకటి బిగించుకోవచ్చు. మొదటి ఏడాది అతను అమ్మగలిగింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మరుసటి ఏడాదికి రేజర్ల అమ్మకం 90 వేలు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం సుమారు 35 లక్షల రేజర్లు కొన్నది. యుద్ధం ముగిసేసరికి రోజూ ఉదయం గీసుకోవడమనే అలవాటు ఆ సైనికులతోపాటు ఇళ్ళకు చేరింది. అక్కడినుంచి పత్రికల ప్రకటనలు, సినిమాలు, ఆఫీసులు ఆ అలవాటును ప్రపంచమంతా మోసుకెళ్ళాయి.

అంతకుముందు గడ్డం గీయాలంటే కత్తి పట్టడం తెలిసిన చేయి కావాలి. ఇప్పుడు అద్దం, సబ్బు, ఒక బ్లేడు ఉంటే చాలు. మన తండ్రుల తరం చదువుకొని పట్టణాలకు, ప్రభుత్వ కొలువులకు, బ్యాంకులకు, ఫ్యాక్టరీలకు వెళ్ళింది. అక్కడ నున్నని ముఖమే శుభ్రతకు, నాగరికతకు గుర్తు అయింది. గడ్డం ముసలితనానికో, పల్లెటూరితనానికో, మౌల్వీ సాబుకో పరిమితమన్న భావన పాకింది. నీ గడ్డం తీసేయమని వారికి ఎవరూ హుకుం జారీ చేయలేదు. ఇంటర్వ్యూకు వెళ్ళే ముందురోజు ఎవరికివారే తీసేసుకున్నారు. తరువాత ప్రతి ఉదయం అదే కొనసాగింది.

అయితే ఆ తరాన్ని నిందించేముందు ఒక మాట. సైకిలు మీద కొలువుకు వెళ్ళి, చాలీచాలని జీతంతో నలుగురైదుగురు పిల్లలను చదివించి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసి, ఊళ్ళో మస్జిదుకు చందాలు పోగుచేసి గోడలు లేపింది చాలాచోట్ల ఆ నున్నని చెంపలవారే. వారిలో తహజ్జుద్ నమాజు వదలనివారున్నారు. రూపాయి లంచం ముట్టనివారున్నారు. వారి ముఖంలో ఒక లోటు ఉంటే ఉండవచ్చు. వారి కర్మల చిట్టా మాత్రం మన చేతిలో లేదు.

మనవళ్ళ కాలం

ఇక మూడో తరం. 2010 తరువాత గాలి మళ్ళీ తిరిగింది. సినిమా హీరోలు గడ్డాలు పెంచారు. క్రికెట్ ఆటగాళ్ళు పెంచారు. ఏ మతం వాడన్నది లేకుండా కుర్రవాళ్ళంతా గడ్డాలు పెంచారు. గడ్డానికి నూనెలు, దువ్వెనలు, ట్రిమ్మర్లు అంగళ్ళ నిండా వచ్చాయి. ఒకనాడు ఏ ముఖాన్ని చూసి ఆఫీసు యజమాని కనుబొమలు ముడిచాడో, ఆ ముఖాన్నే ఈనాడు ప్రకటనల్లో పెట్టి సరుకు అమ్ముతున్నారు.

మన యువకుల్లో కొందరు దైవప్రవక్త (స) మీద ప్రేమతో గడ్డం పెంచుతున్నారు. అల్‌హందులిల్లాహ్! మరికొందరు ఊరందరితో పాటు పెంచుతున్నారు. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. రేపు గాలి మళ్ళీ మారి, నున్నని ముఖమే అందమని లోకం అంటే ఈ ఇద్దరిలో ఎవరి గడ్డం నిలుస్తుంది? ఆ రోజున తేడా బయటపడుతుంది.

ఒక ప్రశ్న

దైవప్రవక్త (స) పారశీక చక్రవర్తి కిస్రాకు ఇస్లాం సందేశం పంపినప్పుడు, అతను అహంకారంతో ఆ లేఖను చించివేశాడు. అతని తరఫున యమన్‌ను పాలిస్తున్న బాజాన్ ఇద్దరు మనుషులను మదీనాకు పంపాడు. ఆ ఇద్దరి గడ్డాలు గీసి ఉన్నాయి, మీసాలు పొడవుగా పెరిగి ఉన్నాయి. వారిని ఆ రూపంలో చూడటం దైవప్రవక్త (స)కు ఇష్టం కాలేదు. ఇలా చేయమని మీకెవరు ఆజ్ఞాపించారని ఆయన వారిని అడిగారు. మా ప్రభువు, అంటే కిస్రా, ఆజ్ఞాపించాడని వారు చెప్పారు. అప్పుడాయన, తన ప్రభువు మాత్రం తనకు గడ్డం వదలమని, మీసాలు కత్తిరించమని ఆజ్ఞాపించాడని సెలవిచ్చారు. తబరీ మొదలైన చరిత్రకారులు ఈ ఉదంతాన్ని నమోదు చేశారు.

సోదరులారా! ఆ ప్రశ్నను మరోసారి వినండి. మీకెవరు ఆజ్ఞాపించారు? ఈ ప్రశ్న గీసుకున్నవానికి మాత్రమే కాదు, పెంచినవానికి కూడా వర్తిస్తుంది. అద్దం ముందు నిలబడిన తండ్రీ, నీ ముఖానికి ఆజ్ఞ ఎవరిది? ఎప్పుడో వదిలేసిన ఆఫీసుదా? ట్రిమ్మరు చేతపట్టిన కుమారా, నీ ముఖానికి ఆజ్ఞ ఎవరిది? సినిమా పోస్టరుదా? అల్లాహ్‌దీ, ఆయన ప్రవక్తదీ అయితే ఆ వెంట్రుకలు ఆరాధనలో భాగమవుతాయి. మరెవరిదో అయితే అవి వెంట్రుకలే. కర్మలు సంకల్పాల మీదనే ఆధారపడి ఉంటాయన్న హదీసు మనందరికీ తెలిసినదే.

షరీఅత్ ఏం చెబుతోంది?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో, బహుదైవారాధకులకు భిన్నంగా ఉండమని, గడ్డాలు వదలి మీసాలు కత్తిరించమని దైవప్రవక్త (స) ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనంలో మానవ సహజ ధర్మానికి (ఫిత్రత్‌కు) చెందిన పది విషయాల్లో మీసాలు కత్తిరించడం, గడ్డం పెంచడం, పళ్ళు తోముకోవడం, గోళ్ళు తీసుకోవడం మొదలైనవి ఉన్నాయి (ముస్లిం). మీసాలు, గోళ్ళు, చంకలలోని వెంట్రుకలు మొదలైనవాటిని నలభై రాత్రులకు మించి వదలరాదని హజ్రత్ అనస్ (రజి) ద్వారా మనకు తెలుస్తోంది (ముస్లిం).

ఈ హదీసుల వెలుగులో హనఫీ, మాలికీ, హంబలీ ధర్మవేత్తలు గడ్డాన్ని పూర్తిగా గీసుకోవడం నిషిద్ధమన్నారు. షాఫయీ ధర్మవేత్తల్లో అది మక్రూహ్, అంటే అవాంఛనీయమన్న అభిప్రాయం ప్రసిద్ధం. గడ్డం లేకపోయినా ఒకటే, ఉన్నా ఒకటే అన్నవారు మాత్రం ఆ ఇమాముల్లో లేరు. ఎంత పొడవు ఉండాలన్న విషయంలో కూడా అభిప్రాయ భేదం ఉంది. హజ్ లేదా ఉమ్రా సందర్భంగా హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) తన గడ్డాన్ని పిడికిలితో పట్టుకొని, పిడికిలికి మించినదాన్ని కత్తిరించేవారని బుఖారీలో ఉంది. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మస్లక్‌లో పిడికెడు కొలత దీని నుంచే తీసుకోబడింది.

గడ్డం పెంచడమంటే చింపిరిగా ఉండటం కాదు. తల, గడ్డం చెదిరిన ఒక వ్యక్తి మస్జిదులోకి వచ్చినప్పుడు, బయటకు వెళ్ళి సరిచేసుకొని రమ్మని దైవప్రవక్త (స) సైగ చేశారు. అతను అలాగే చేసి వచ్చాడు. షైతానులా జుట్టు విరబోసుకొని రావడం కంటే ఇది మేలు కాదా అని ఆయన అన్నారు (ముఅత్తా). వెంట్రుకలు ఉన్నవాడు వాటిని గౌరవంగా చూసుకోవాలని కూడా ఉపదేశించారు (అబూదావూద్). వుజూ చేసేటప్పుడు తడి వేళ్ళను గడ్డంలోకి పోనిచ్చేవారు (తిర్మిజీ). కనుక కడగడం, దువ్వడం, నూనె రాయడం సున్నత్‌కు విరుద్ధం కాదు, సున్నత్‌లోనివే. సెలూనుకు వెళ్ళినప్పుడు మీ కళ్ళముందే కొత్త బ్లేడు మార్చమని అడగండి. ఒకరికి వాడిన బ్లేడు మరొకరికి వాడితే రక్తం ద్వారా హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి వంటి వ్యాధులు అంటుకునే ప్రమాదం ఉంది. ప్రాణరక్షణ కూడా ధర్మమే.

సహాబీల హృదయాల్లో ఆ శుభప్రదమైన గడ్డానికి ఎంత చోటు ఉండేదో ఒక చిన్న సంగతి తెలుపుతుంది. జుహ్ర్, అస్ర్ నమాజుల్లో ఖుర్ఆన్ పారాయణం పైకి వినిపించదు. ఆ నమాజుల్లో దైవప్రవక్త (స) పఠించేవారని మీకెలా తెలిసేదని హజ్రత్ ఖబ్బాబ్ (రజి)ను కొందరు అడిగారు. ఆయన గడ్డం కదలికను బట్టి తెలుసుకునేవాళ్ళమని ఖబ్బాబ్ (రజి) చెప్పారు (బుఖారీ). వెనుక నిలబడినవారికి మాట వినిపించలేదు, గడ్డం కదలడం మాత్రం కనిపించింది. ప్రవక్తగారి ప్రతి కదలికనూ అంత శ్రద్ధగా చూసుకున్నవారి ద్వారా మనదాకా వచ్చిన సున్నత్ ఇది. దీన్ని ఫ్యాషనుగా వాడుకోవడమూ తగదు, పరిహసించడమూ తగదు.

ఖుర్ఆన్‌లో గడ్డం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దివ్యఖుర్ఆన్‌లో గడ్డం అనే పదం (లిహ్యా) ఒకే ఒక్కచోట వచ్చింది. అది ఎక్కడ వచ్చిందో తెలుసా? ఇద్దరు అన్నదమ్ముల మధ్య కోపం రేగిన సందర్భంలో!

హజ్రత్ మూసా (అలై) తూర్ పర్వతం నుంచి తిరిగివచ్చేసరికి ఆయన జాతి ఆవుదూడ బొమ్మను పూజిస్తోంది. పట్టరాని ఆగ్రహంతో ఆయన తన సోదరుడు హారూన్ (అలై)ను పట్టుకున్నారు. అప్పుడు హారూన్ (అలై) ఆయనను నా తల్లి కుమారుడా అని పిలిచి, తన గడ్డాన్నీ తలనూ పట్టుకోవద్దని వేడుకున్నారు. తాను కఠినంగా వ్యవహరిస్తే ఇస్రాయీల్ సంతతిలో చీలిక తెచ్చావని మూసా (అలై) అంటారేమోనని భయపడ్డానని చెప్పారు (20:94).

ఆలోచించండి. హారూన్ (అలై) ఒక ప్రవక్త. ఆయనకు గడ్డం ఉంది. అది సోదరుని పిడికిట్లో పట్టుబడేంతగా ఉంది. పెద్దలు ఈ ఆయతు నుంచి గడ్డం ప్రవక్తల సంప్రదాయమని గ్రహించారు. అది సరైనదే. కానీ అదే ఆయతులో మరో పాఠం కూడా ఉంది. ఆ గడ్డం గల ప్రవక్త నోట వెలువడిన మాట జాతి చీలిపోకూడదన్న ఆందోళన. కోపంగా ఉన్న సోదరుణ్ణి ఆయన తల్లి పేరు మీద పిలిచారు. గడ్డాన్ని గురించిన ఏకైక ఆయతు నుంచి గడ్డాన్ని తీసుకొని, ఆ మెత్తదనాన్ని వదిలేస్తే మనం సగం ఆయతు మీదనే ఆచరించినట్లు.

కొడుకులకు ఒక మాట

యువ సోదరులారా! మీరు గడ్డం పెంచారు, మంచిది. అల్లాహ్ మిమ్మల్ని స్థిరంగా ఉంచుగాక! కానీ పెంచిన మర్నాడే తండ్రిని అద్దం ముందు దోషిగా నిలబెట్టే హక్కు మీకు ఎక్కడిది?

ఖుర్ఆన్ ఏం చెబుతోందో చూడండి. తల్లిదండ్రులు షిర్క్ చేయమని బలవంతపెడితే వారి మాట వినరాదు. అయినా ఇహలోకంలో వారితో మంచిగా మసలుకోవాలి (31:15). షిర్క్‌కు పిలిచే తల్లిదండ్రులతోనే మంచిగా ఉండమని ఆదేశం ఉన్నప్పుడు, ఐదు పూటలా మీతోపాటు సజ్దా చేసే తండ్రితో ఎలా ఉండాలి? హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) తండ్రి విగ్రహారాధకుడు. అయినా ఆయన మాట మాటకూ నాన్నా, నాన్నా అని పిలుస్తూనే బోధించారు. తండ్రి రాళ్ళతో కొడతానని బెదిరించినా సలాం చెప్పి, ఆయన క్షమాపణ కోసం దుఆ చేస్తానన్నారు (19:42-47).

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇస్లాంలో మొట్టమొదట ప్రవేశించినవారిలో ఒకరు. ఆయన తండ్రి అబూ ఖుహాఫా (రజి) సుమారు ఇరవై యేళ్ళ తరువాత, మక్కా జయించబడిన రోజున గానీ ఇస్లాం స్వీకరించలేదు. చూపు పోయిన ఆ ముదుసలి తండ్రిని అబూబక్ర్ (రజి) చేయి పట్టుకొని తీసుకువచ్చారు. పెద్దాయనను ఇంట్లోనే ఉండనిస్తే తానే ఆయన దగ్గరకు వెళ్ళేవాణ్ణి కదా అని దైవప్రవక్త (స) అన్నారు. ఎదుట కూర్చోబెట్టుకొని, ఛాతీ మీద చేయి నిమిరి ఇస్లాం వైపునకు ఆహ్వానించారు. ఆయన కలిమా చదివారు. తల, గడ్డం పూర్తిగా నెరసి తెల్లని పువ్వులా ఉన్నాయి. ఆ నెరుపుకు రంగు వేయమని, అయితే నల్లరంగు వద్దని దైవప్రవక్త (స) చెప్పారు (ముస్లిం).

ఇక్కడ క్రమాన్ని గమనించండి. మొదట గౌరవం, తరువాత ప్రేమతో స్పర్శ, తరువాత కలిమా, అన్నిటికన్నా చివర వెంట్రుకల ప్రస్తావన. మనలో కొందరు ఈ క్రమాన్ని తలకిందులు చేశారు. వెంట్రుకలతో మొదలుపెడతారు, గౌరవం దాకా ఎన్నటికీ చేరరు. లుఖ్మాన్ (అలై) తన కుమారునికి చేసిన హితబోధ కూడా షిర్క్ వద్దనడంతో మొదలై, నమాజు, సహనం మీదుగా సాగి, మనుషుల ముందు గర్వంతో చెంప తిప్పుకోవద్దనేదాకా వస్తుంది (31:13-19). గడ్డం ఉన్న చెంపనైనా సరే, గర్వంతో తిప్పుకోవడం నిషిద్ధమే.

మరో మాట. గడ్డం ఉన్నవాణ్ణి లోకం ఒక వ్యక్తిగా చూడదు, ఇస్లాంకు ప్రతినిధిగా చూస్తుంది. అంగట్లో తూకం తగ్గించినా, అప్పు ఎగ్గొట్టినా, బస్సులో స్త్రీకి చోటివ్వకపోయినా, భార్య మీద చేయి చేసుకున్నా జనం అతని పేరు చెప్పరు, గడ్డం పేరు చెబుతారు. కనుక పెంచినవాని మీద బాధ్యత పెరిగింది. ఆ భయంతో తీసేయడం పరిష్కారం కాదు. గడ్డాన్ని చూసి నడతను సరిదిద్దుకోవడమే పరిష్కారం.

తండ్రులకు, తల్లులకు ఒక మాట

పెద్దలారా! మీ అబ్బాయి గడ్డం పెంచుకుంటానంటే మీ గుండెలో కలిగే భయం మాకు తెలియనిది కాదు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మస్జిదులో, జుమా నాడు, బాంబు పేలింది. నమాజుకు వచ్చినవారే ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. చాలామందిని న్యాయస్థానాలు నిర్దోషులని విడిచిపెట్టాయి. కానీ పోయిన చదువులు, పోయిన కొలువులు తిరిగిరాలేదు. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళలో ఎందరు తల్లులు, బేటా, నా కోసమైనా గడ్డం తీసేయమని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారో అల్లాహ్‌కే తెలుసు. ఆ కన్నీటిని ధర్మవ్యతిరేకత అనడం అన్యాయం. అది కన్నపేగు బాధ.

కానీ అమ్మా, అబ్బా, ఒక్కసారి ఆలోచించండి. భయపడటం వేరు, ఎగతాళి చేయడం వేరు. అప్పుడే ముల్లా అయిపోయావా, నీకు పిల్లనెవరిస్తారు అని నలుగురిలో నవ్వడం భయం కాదు. ఒకరినొకరు పరిహసించవద్దని, ఎవరిని పరిహసిస్తున్నారో వారే తమకంటే మేలైనవారు కావచ్చునని అల్లాహ్ హెచ్చరించాడు (49:11). పైగా అది ఎవరి సున్నత్‌ను పరిహసించినట్లవుతుందో గుర్తుంచుకోండి. పిల్లవాడు మత్తుకో, జూదానికో పోకుండా ప్రవక్త (స) ముఖాన్ని ప్రేమిస్తే మనం సంతోషించాలా, సిగ్గుపడాలా? పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి గడ్డం తీయాలని షరతు పెట్టే అమ్మాయి తరఫువారు కూడా ఈ మాట ఆలోచించాలి. గడ్డం గల అల్లుడు వద్దనుకొని, నమాజు లేని అల్లుణ్ణి తెచ్చుకుంటే నష్టం ఎవరికి?

కొన్ని కొలువుల్లో నిబంధనలు నిజంగానే అడ్డు వస్తాయి. గడ్డం పెంచిన ఒక వైమానిక దళ ఉద్యోగిని తొలగించడాన్ని మన సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో సమర్థించింది. ఇలాంటి చోట చిక్కుకున్న సోదరుడు తన పరిస్థితిని నమ్మకమైన ఆలిమ్‌కు వివరించి సలహా తీసుకోవాలి. మనం అతని మీద తీర్పులు చెప్పకూడదు. అతని చేత మస్జిదులో చీపురు కూడా పట్టనివ్వని తీరు మనకు వద్దు. అయితే నిబంధన ఏదీ లేని చోట, లేని అడ్డంకిని ఊహించుకొని వదులుకోవడం మాత్రం తగదు. ముప్పై యేళ్ళ క్రితం మీరు చూసిన ఆఫీసు ఈనాడు లేదు. ఈనాడు చాలా కంపెనీల్లో గడ్డం గల యువకులు తలెత్తుకొని పనిచేస్తున్నారు. మీరు పదవీ విరమణ చేసి ఇంట్లోనే ఉన్నవారైతే ఇక బ్లేడుకు కారణం ఏముంది? తెల్లగా వస్తుందని సంకోచమా? నెరసిన వెంట్రుకలను పీకవద్దని, అది ప్రళయదినాన విశ్వాసికి వెలుగు అవుతుందని శుభవార్త ఉంది (అబూదావూద్).

ఇంట్లో ఏం చేయాలి?

మొదట, ఈ విషయాన్ని పండుగల్లో, పెళ్ళిళ్ళలో, బంధువుల ముందు ఎత్తకండి. చెప్పవలసి వస్తే ఒంటరిగా చెప్పండి. అందరి ముందు చేసిన హితబోధ అవమానంగా మారుతుంది.

రెండవది, మాటకంటే సేవ ముందు. తండ్రి మోకాళ్ళ నొప్పికి మందు తెచ్చే కొడుకు చెప్పిన హదీసు, తండ్రి చెవికి తీయగా వినిపిస్తుంది. మందు తేనివాడు చెప్పిన హదీసు వాదంగా వినిపిస్తుంది.

మూడవది, నమాజు లేని ఇంట్లో గడ్డం గొడవ మొదలుపెట్టకండి. పునాది వేయకుండా గోడకు సున్నం కొట్టరు. అలాగని పునాది వేశాం కదా అని సున్నం కొట్టడం మానేయకండి. అల్లాహ్ రూపాలను కాదు, హృదయాలనూ కర్మలనూ చూస్తాడన్న హదీసు (ముస్లిం) నిజమే. కానీ గడ్డం పెంచడం కూడా ఒక కర్మే. ఆ హదీసును బ్లేడుకు సాకుగా వాడుకోకూడదు.

నాలుగవది, ఫ్యాషను కోసం పెంచిన యువకులు గీసేయనవసరం లేదు. ఈ రోజే సంకల్పం మార్చుకోండి. ఓ అల్లాహ్, ఇకనుంచి ఇది నీ ప్రవక్త (స) కోసం అని మనసులో అనుకోండి. రూపం అదే ఉంటుంది, ఫలం వేరవుతుంది. ఆపైన మీసాలను కత్తిరించండి, గడ్డాన్ని క్రమంగా సున్నత్ కొలతకు రానివ్వండి.

సోదర సోదరీమణులారా! కొరడాకు లొంగనివారు తాతలు. అలవాటుకు లొంగినవారు తండ్రులు. గాలివాటంగా పెంచినవారు మనవళ్ళలో కొందరు. ఈ ముగ్గురికీ ఖబర్‌లో ఎదురయ్యే ప్రశ్నలు మాత్రం ఒక్కటే. నీ ప్రభువు ఎవరు? నీ ధర్మం ఏది? నీ ప్రవక్త ఎవరు? ఆ ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన నోటి చుట్టూ ఉన్నదే ఈ ముఖం. దానికి ఆజ్ఞ ఎవరిదో ఇక్కడే, ఈ రోజే తేల్చుకుందాం. తేల్చుకున్నాక ఒకరి చేయి ఒకరు వదలకుండా నడుద్దాం.

ఓ అల్లాహ్! మా తాతలను క్షమించు. మా తండ్రుల శ్రమను స్వీకరించి వారి లోటుపాట్లను కప్పివేయి. మా సంతానాన్ని నీ ప్రవక్త (స) అడుగుజాడల్లో నిలుపు. మా ముఖాలను నీ కోసం అలంకరించుకునే సద్బుద్ధినీ, మా నాలుకలను ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా కాపాడుకునే సౌభాగ్యాన్నీ ప్రసాదించు. కొన్ని ముఖాలు వెలిగి, కొన్ని ముఖాలు నల్లబడే ఆ రోజున మా మూడు తరాల ముఖాలనూ వెలిగేవాటిలో చేర్చు. ఆమీన్.